సగం బస్తా

ఉద్యోగం నుంచి రిటైరైన వాళ్లకు శాలువా కప్పి, దండ వేసి, అబద్ధమైనా నాలుగు మంచి మాటలు చెబుతారు. నేను ముప్పై ఐదేళ్ల వయసుకే రిటైరయ్యాను. శాలువా కప్పే వయసు కాదనుకున్నారో ఏమో, గోడ గడియారం చేతిలో పెట్టారు. ఇంటికి తెచ్చి మేకుకు తగిలించేసరికి అది ఆగిపోయి ఉంది. సరుకు రవాణాలో పనిచేసిన వాడికి అంతకంటే తగిన బహుమతి ఉండదు. మా పనిలో సగానికి పైగా ఆగి ఉండటమే.

నన్ను రిటైర్ చేసింది ఒక ఫోను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు గోదాముల మధ్య ఏ లారీ ఎప్పుడు కదలాలి, ఎక్కడ ఏం ఎక్కించుకోవాలి, తిరుగు దారిలో ఏం తేవాలి అని చూసే పని నాది. ఇప్పుడు ఆ పని ఫోనులోంచి ఒక ఆడగొంతు చేస్తోంది. నాకంటే మర్యాదగా మాట్లాడుతుంది. టీ అడగదు. దాని మీద నాకు కోపం లేదు. నా మీద దానికి కూడా లేదనే అనుకుంటున్నాను.

మా ఇంట్లో పని అంటే చీరలు. మా నాయిన పొద్దంతా గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చుని, సాయంత్రం మోకాళ్లు పట్టుకుని లేచేవాడు. అయినా ఆయన నేసిన చీర బరువెంత? చంకలో పెట్టుకుని బస్సెక్కితే హైదరాబాదు చేరుతుంది. నేను బరువులున్న వ్యాపారంలోకి పోయాను. "కూసోని జేసే పని దొరికింది బిడ్డకు" అని మా అమ్మ మురిసింది. ఆమె అన్నది నిజమే. నేను కూర్చునే చేశాను. మోసిన వాళ్లు వేరే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు, పొగ తగ్గించాలి, కూలీల శ్రమ తగ్గించాలి అని ఇప్పుడు మొదటి రోజే చెబుతున్నారట. మంచిదే. మేమూ ఆ రెండూ చేయబోయాం. ఏమైందో రాస్తున్నాను. ధైర్యం చెప్పే రకం రాత కాదిది. ధైర్యం కావాలంటే కంపెనీ క్యాలెండర్ చూడండి, ప్రతి పేజీలోనూ సూర్యోదయం ఉంటుంది.

వేప మొక్కలు

మా మొదటి పెద్దసారుకు పచ్చదనం అంటే ప్రాణం. గద్వాల గోదాము గేటు పక్కన వరసగా వేప మొక్కలు నాటించి, ఒక్కొక్క మొక్క ముందు ఒక్కొక్క రాతి పలక పెట్టించాడు. లారీలు వెనక్కి తిప్పుకునే జాగా కూడా అదే. డ్రైవర్లు ఆ మాట చెబితే, "జాగ్రత్తగా తిప్పుకోండయ్యా" అన్నాడు. వాళ్లు జాగ్రత్తగానే తిప్పుకున్నారు. మొక్కలు పోయి పలకలు మిగిలాయి. కొత్తగా వచ్చిన వాళ్లు ఇక్కడ ఎవర్ని పూడ్చారని అడిగేవాళ్లు.

ఆయన చెడ్డవాడు కాదు. పొగ ఎక్కడ పుడుతోందో చూడకుండా, దాన్ని ఏ చెట్టు పీలుస్తుందో చూశాడంతే. మా పొగ గేటు దగ్గర పుట్టేది కాదు. గద్వాల నుంచి దాణా బస్తాలతో తెలకపల్లి పోయిన లారీ, అక్కడ దించేసి, ఖాళీగా గడగడలాడుతూ తిరిగొచ్చే దారిలో పుట్టేది. పోయేటప్పుడు దాణా మోసిన డీజిలు, వచ్చేటప్పుడు గాలిని మోసేది. పాలమూరులో గాలికి కరువు లేదు, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేరవేయాల్సిన పని లేదు.

టైర్లు చల్లారాలి

కాబట్టి నేను జతలు కట్టడం మొదలుపెట్టాను. తెలకపల్లి చుట్టుపక్కల రైతుల వేరుశనగ గద్వాల నూనె మిల్లులకు రావాలి. మా లారీ ఎలాగూ ఖాళీగా వస్తోంది. దాణా దించు, వేరుశనగ ఎక్కించు. దీన్ని కనిపెట్టడానికి తెలివి అక్కర్లేదు, నేను కనిపెట్టానంటేనే మీకు అర్థం కావాలి. పెద్దసారు నా భుజం తట్టాడు.

తట్టనిది డ్రైవర్ మహబూబ్ భాయ్. ఆయన ఇల్లు వనపర్తిలో, సరిగ్గా ఆ దారి మీద. ఖాళీ బండితో వచ్చినప్పుడు ఇంటి దగ్గర ఆపుకుని, వేడన్నం తిని, గంటసేపు నడుం వాల్చి బయల్దేరేవాడు. ఇప్పుడు బండిలో సరుకుంది. మిల్లువాడు ఎదురుచూస్తుంటాడు. ఆపడానికి లేదు.

"శీను సారూ," అన్నాడు ఒకరోజు, టీ గ్లాసు బానెట్ మీద పెట్టి, "ఖాళీ బండి మీకు నుక్సాన్. నాకు గదే అన్నం, గదే నిద్ర. మీరు డీజిల్ మిగిలిచ్చిన్రు, మంచిగనే ఉంది. గని అది ట్యాంకుల కెళ్లి మిగల్లే. నా కండ్లల్ల కెళ్లి మిగిలింది."

"ఆపుకో భాయ్, ఎవరన్నా అడిగితే నా పేరు చెప్పు."

"మీ పేరు జెప్తే ఇద్దర్ని తీస్తరు. నాకు తోడు అక్కర్లే."

పై ఆఫీసుకు డ్రైవర్లకు దారిలో విశ్రాంతి కావాలని అడిగాను. జవాబు లేదు. ఎండకు టైర్లు వేడెక్కి పగిలే ప్రమాదముంది, లోడుతో వచ్చే బండ్లు వనపర్తి దగ్గర గంటసేపు ఆగి టైర్లు చల్లార్చుకోవాలి అని మళ్లీ అడిగాను. ఆ సాయంత్రమే సరేనన్నారు. అప్పటి నుంచి మహబూబ్ భాయ్ టైర్లు ఆయన ఇంటి ముందు చల్లారాయి. చలికాలంలో కూడా చల్లారాయి. ఎవరూ అడగలేదు.

మనిషికి అలుపు ఉందంటే నమ్మనివాళ్లు రబ్బరుకు ఉందంటే నమ్ముతారు. ఇది నేను గెలిచిన ఒకే ఒక్క యుద్ధం. దాన్ని యుద్ధం అనడం కూడా ఎక్కువే.

మేస్త్రి వెనక వరస

ఇక అసలు సంగతి. గద్వాల గోదాములో హమాలీల ముఠాకు మేస్త్రి కుర్మన్న. వడ్డేపల్లి మండలంలో ఆయనకు కొంచెం మెట్ట పొలం ఉంది. వానపడితే రైతు, పడకపోతే హమాలీ. ఎక్కువగా హమాలీయే. నెరిసిన మీసం, తలకు ఎర్ర రుమాలు, కుడి చేతిలో బస్తా గుచ్చి లాగే ఇనుప కొక్కెం. ఆ కొక్కెం లేకుండా ఆయన్ను చూసినవాళ్లు తక్కువ. టీ తాగేటప్పుడు కూడా వేలికి తగిలించుకునే ఉండేవాడు.

ఆ ముఠాకు ఒక పద్ధతి ఉంది. బస్తాలు మోసేటప్పుడు మేస్త్రి ముందు నడుస్తాడు, మిగతావాళ్లు ఆయన వెనక వరసలో. మేస్త్రిని దాటి ఎవరూ పోరాదు. మేస్త్రి కంటే తక్కువ ఎవరూ మోయరాదు. మేస్త్రి తప్పుకునే రోజు వస్తే, కొత్త మేస్త్రి వీపు మీద మొదటి బరువు పాత మేస్త్రే తన చేతులతో పెట్టాలి. ఎంత పెడితే అంత. దాని మీద మాట లేదు. తన వీపు మీద తన మేస్త్రి మొదటి బస్తా పెట్టిన కథ కుర్మన్న చాలాసార్లు చెప్పాడు. చెప్పినప్పుడల్లా ఆ బస్తా కొంచెం బరువెక్కేది.

ఆ బస్తా నిజంగానే బరువు. ఇద్దరు కలిసి లేపి మూడోవాడి వీపున వేయాల్సిన దాణా బస్తా. అది వీపెక్కాక ఎంత కుర్రాడైనా కుర్మన్న అడుగులోనే అడుగు వేసేవాడు. వేగంగా నడవడానికి కుదరదు కాబట్టి.

అప్పుడు హైదరాబాదు ఆఫీసు నుంచి అంజలి మేడం వచ్చింది. హమాలీల ఆరోగ్యం చూడటం ఆమె ఉద్యోగం. ఇలాంటి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు సాధారణంగా ఒక పూట వచ్చి, మజ్జిగ తాగి, నివేదిక రాస్తారు. ఈమె మూడు జిల్లాల గోదాముల్లోనూ కూర్చుని చూసింది. ఒక హమాలీ చొక్కా ఎత్తి మెడ వెనక గట్టిపడ్డ చర్మం చూపిస్తే వేలితో తాకి చూసింది. పై ఆఫీసుతో చాలా రోజులు పోట్లాడి, దాణా బస్తా బరువు సగానికి తగ్గించే ఉత్తర్వు తెచ్చింది. చెప్పాలంటే, నా సర్వీసు మొత్తంలో కూలీల కోసం పైవాళ్లు చేసిన నికరమైన పని అదొక్కటే.

సగం బస్తాల మొదటి లారీ ఎక్కించే రోజు ఆమె గద్వాల వచ్చింది. కుర్మన్న ఒక బస్తాను కొక్కెంతో పైకి లేపి, ఊపి చూశాడు.

"మేడం, ఇది బస్తానా, బడిసంచా?"

"మీ నడుముల కోసమే అన్నా."

"నా నడుము నాకాడనే ఉంది గద మేడం. యాడికీ పోలే." వెనక్కి తిరిగి ముఠాతో అన్నాడు: "టిఫిన్ డబ్బలు గూడ కట్టిస్తరేమో అడుగున్రి."

ముఠా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఒక సగం బస్తా కుర్మన్న వీపున పెట్టించి ఫొటో తీశారు. ఫొటోలో ఆయన పళ్లు కనిపిస్తున్నాయి. దాన్ని పెద్దది చేసి, చట్రం కట్టి, వనపర్తిలోనూ నాగర్‌కర్నూలులోనూ కూడా గోడకు తగిలించారు. కుర్మన్న ఒక్క సగం బస్తాతో నడిచింది ఆ ఫొటో కోసమే. మేడం కారు గేటు దాటగానే రెండోది కూడా పెట్టమన్నాడు.

మేస్త్రి రెండు మోస్తే ఎవరూ ఒకటి మోయరాదు. సాయంత్రానికి ముఠా అంతా రెండేసి మోస్తోంది. వారం తిరక్కుండా వనపర్తి, నాగర్‌కర్నూలు ముఠాలూ అంతే. పాత బస్తా ఒకటే ముద్దగా వీపుకు అతుక్కుని ఉండేది. రెండు సగాలు అట్లా కాదు. పైది జారుతుంది. జారకుండా మెడతో అదిమిపెట్టాలి. అంటే బరువు అంతే ఉంది, నడుము నుంచి మెడకు బదిలీ అయింది. మా కంపెనీలో సిఫారసు లేకుండా జరిగిన బదిలీ అదొక్కటే.

నేను అడిగాను. అడగటం నా ఉద్యోగం కాదు గానీ, మేడం ఫోను చేసి బతిమాలింది.

"కుర్మన్నా, ఎందుకు? ఎవరి మీద పంతం ఇది?"

ఆయన కొక్కెంతో నేల మీద గీతలు గీస్తూ కూర్చున్నాడు. చివరికి, ఎవరూ దగ్గర లేరని చూసుకుని అన్నాడు.

"ఎనక పోరగాండ్లు నా మడిమెలు తొక్కుతున్నరు సారూ."

"అంటే?"

"గా సగం సంచి ఏసుకుంటే ఆళ్లు ఉరుకుతరు. నేను ఉరకలేను. రెండేసుకుంటే ఆళ్లూ నా లెక్కనే నడుస్తరు."

ఇదీ సంగతి. ఆ పాడు బరువే ఆయన్ను ఇన్నాళ్లూ వరస ముందు నిలబెట్టింది. బరువు సగమైతే కుర్రాళ్లకు కాళ్లొస్తాయి, ఆయనకు వయసొస్తుంది. ముందు నడవలేని మేస్త్రి మేస్త్రి కాదు. కొత్త పిల్లలకు ఒక మాట: ఎవరి మీది బరువైనా దించే ముందు, ఆ బరువు అక్కడ ఇంకేం పని చేస్తోందో కనుక్కోండి. కనుక్కున్నా ఏమీ చేయలేకపోవచ్చు. నేను కనుక్కున్నాను.

చేయబోయినవి

ఏమీ చేయలేదని కాదు. తొందర తగ్గితే బరువు తగ్గుతుందేమోనని, పొద్దున్నే ఒక్కసారిగా వచ్చి పడే లారీలకు వేళలు పంచాను. మహబూబ్ భాయ్ మిగతా డ్రైవర్లకు నచ్చజెప్పాడు. గేటు ముందు ఇంజన్లు ఆపకుండా నిలబడే బండ్లు తగ్గాయి, పొగ తగ్గింది, హమాలీలకు మధ్యలో కూర్చునే వీలు చిక్కింది. కూర్చుని, నీళ్లు తాగి, లేచి, మళ్లీ రెండేసి మోశారు.

మేడం చక్రాల బండ్లు పంపింది. మా గోదాము నేల షాబాదు బండలు, సగం పగిలినవి. చక్రం పగుల్లో పడితే బండిని ఇద్దరు ఎత్తాలి, బస్తాల్ని ఇంకో ఇద్దరు. నేల బాగు చేయించమంటే అది వేరే ఖాతా అన్నారు. ఒక బండి మీద తాగునీళ్ల క్యాను పెట్టుకున్నారు. ఇంకోదాని మీద గోదాము పిల్లి పిల్లల్ని పెట్టింది. ఆ పిల్లి మాత్రం మార్పును మనస్ఫూర్తిగా ఆహ్వానించింది.

ఆఖరికి నేనే ఒక బేరం పెట్టాను. "మేస్త్రీ, నువ్వు లారీ మీద నిలబడి పేర్పు చూడు. ఎట్లా పేర్చాలో చెప్పు. వరస ముందు తిమ్మప్ప నడుస్తాడు."

తిమ్మప్ప ముఠాలో కుర్మన్న తర్వాతివాడు, అయిజ వైపు మనిషి, మాట తక్కువ.

"నిలవడి సెప్పుడు నీ పని గద సారూ," అన్నాడు కుర్మన్న. "అది నాకిస్తే నువ్వేం జేస్తవ్?"

"ఇప్పుడు మాత్రం ఏం చేస్తున్నా?"

"గదీ నిజమే," అన్నాడు. నవ్వాడు కూడా. లేచి పోయి రెండేసుకున్నాడు.

మన మాటకు మనిషి నవ్వాడంటే ఒప్పుకున్నాడని అనుకోకండి. జోకులేసే వాళ్లందరికీ ఈ జబ్బు ఉంటుంది.

దవాఖాన

కుర్మన్న పడిపోలేదు. లారీకి ఆనించే చెక్క పలక మీది నుంచి జారలేదు, కేక పెట్టలేదు. సినిమాలో అయితే వాన కూడా పడేది. ఒక మధ్యాహ్నం ఆయన వేళ్లలోంచి కొక్కెం కింద పడింది. వంగి తీసుకున్నాడు. మళ్లీ పడింది. తిమ్మప్ప తీసి ఇచ్చాడు. మళ్లీ పడింది. అప్పుడు ముఠా మొత్తం ఆగిపోయింది. ఆయన తన కుడి చేతిని, ఎవరో పక్కన వదిలేసి పోయిన వస్తువులా చూసుకున్నాడు. పిడికిలి బిగియడం లేదు.

మహబూబ్ భాయ్ లారీలోనే దవాఖానకు తీసుకుపోయాం. కుర్మన్న భార్య ఎంకటమ్మ పొలం నుంచి అటే వచ్చింది. డాక్టరు ఫిల్ములు వెలుగుకు పెట్టి చూసి, మెడ ఎముకల మధ్య నరం నలిగిందన్నాడు.

"ఏం మోస్తవ్ పెద్దాయనా?"

"సగం బస్తాలే సారు. మా కంపెనీ తేలిక జేసింది."

"సగం బస్తాలకే ఇట్లయితదా?"

"వయసు గద సారు."

ఎంకటమ్మ నా వైపు చూసింది. "శీను సారూ, నువ్వన్న జెప్పు."

"రెండు సగాలు, డాక్టర్ గారూ," అన్నాను.

కుర్మన్న నా వైపు తిరగబోయాడు. మెడ తిరగలేదు. గోడ వైపు చూస్తూనే అన్నాడు: "నిన్నెవ్వరడిగిన్రు?"

ఇక మోయకూడదన్నాడు డాక్టరు. చేతి సత్తువ కొంత తిరిగిరావచ్చు, రాకపోవచ్చు. బయటికొచ్చాక ఎంకటమ్మ కొంగులోంచి కొక్కెం తీసింది. వెంట వచ్చిన ముఠాలో ఎవరో ఆమె చేతికిచ్చినట్టున్నారు. దాన్ని ఏం చేయాలో తెలియక అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంట్ల దేనికి పనికొస్తదిది?" అంది నాతో. మళ్లీ కొంగులోనే చుట్టుకుంది.

అంజలి మేడం పై ఆఫీసుకు రాసింది. పనిలో వచ్చిన దెబ్బ ఇది, కంపెనీయే చూసుకోవాలి అని. బస్తాలు తేలిక చేశాం కాబట్టి బస్తాల వల్ల దెబ్బ తగలడానికి వీల్లేదని జవాబు వచ్చింది. రుజువుగా ఒక ఫొటో జతచేశారు. సగం బస్తాతో, పళ్లు కనిపించేలా నవ్వుతున్న కుర్మన్న ఫొటో. మేడం దాన్ని అట్లాగే నాకు పంపింది. ఆ తర్వాత ఆమెను ఇంకో రాష్ట్రానికి పంపేశారు. ఆమె మంచి పని చేసింది, మంచిగానే చేసింది. అయినా అట్లా అయింది. దీనికి నీతి చెప్పమంటే నా దగ్గర లేదు.

మొదటి బరువు

కొన్నాళ్లు వరస ముందు ఎవరూ లేకుండానే నడిచింది. అంటే తిమ్మప్పే నడిచాడు గానీ, తన ముందు ఒక మనిషి జాగా వదిలి నడిచేవాడు. పాత మేస్త్రి వచ్చి మొదటి బరువు పెట్టందే తాను మేస్త్రి కాడు. కుర్మన్న వస్తాడో రాడో ఎవరికీ తెలియదు. అందరూ రెండేసే మోస్తున్నారు. తిమ్మప్ప మెడ కూడా ఒక పక్కకు వాలడం నేను గమనించాను. గమనించడం వరకు నేను దిట్టను.

ఒక ఉదయం కుర్మన్న వచ్చాడు. తెల్ల చొక్కా, ఎర్ర రుమాలు. ఎంకటమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. ముఠా వరసగా నిలబడింది. తిమ్మప్ప ముందుకొచ్చి వీపు వంచాడు.

మొదటి బరువుకు ఇంకొకరు చేయి వేయరాదు. కుర్మన్న ఎడమ చేత్తో, మోకాలి ఆసరాతో ఒక సగం బస్తా పైకి లేపాడు. కుడి చెయ్యి దాని కింద ఆనించాడు, పట్టుకోవడానికి కాదు, అది కూడా ఉందన్నట్టు. బస్తాను తిమ్మప్ప వీపు మీదికి దొర్లించాడు. ఆయన చొక్కా అంతా చెమట.

తిమ్మప్ప కదల్లేదు. వంగి అట్లాగే నిలబడ్డాడు. రెండోదాని కోసం.

వెనక ముఠా అంతా చూస్తోంది. కుర్మన్న రెండో బస్తా వైపు చూశాడు. అడుగు వేసి, ఎడమ చెయ్యి దాని మీద పెట్టాడు. అంచు పట్టుకుని కాస్త లేపి, దించాడు. లారీలో మహబూబ్ భాయ్ రేడియో ఆపేశాడు.

"పో," అన్నాడు కుర్మన్న.

"మేస్త్రీ, ఇంకోటి?" అన్నాడు తిమ్మప్ప, నేల చూస్తూనే.

"పొమ్మన్న గద."

తిమ్మప్ప ఒకటే వేసుకుని నడిచాడు. ఆయన వెనక ఒక్కొక్కరే ఒక్కొక్క సగం బస్తా వేసుకుని నడిచారు. కుర్మన్న కిందికి చూస్తూ, వాళ్ల మడిమెలనే చూస్తూ నిలబడ్డాడు. ఎవరూ ఎవరివీ తొక్కలేదు. నేను టీ తెప్పించాను. ఆయన ఎడమ చేత్తో తాగాడు. రెండోది పెట్టకూడదనుకున్నాడా, పెట్టలేకపోయాడా అని నేను అడగలేదు. ఇంతకుముందు ఒకసారి దవాఖానలో ఆయన అడగని జవాబు ఒకటి చెప్పాను, అది చాలు.

తర్వాత కొద్ది రోజులకే ఫోనులో ఆడగొంతు వచ్చింది, నాకు గడియారం ఇచ్చారు. పోయే ముందు మూడు ఊళ్లూ తిరిగి సెలవు తీసుకున్నాను. గద్వాల గోదాములో సగం బస్తా సగం బస్తాగానే నడుస్తోంది. వనపర్తిలోనూ నాగర్‌కర్నూలులోనూ, ఆ ఫొటో కిందుగానే, ఇంకా రెండేసి మోస్తున్నారు. అక్కడి మేస్త్రీల చేతులు ఇంకా బాగానే ఉన్నాయి.